బంగారు రేకు మీద వెలుగు సుడి

ఊర్మిళ కష్టం ఒక్కటే. చీకటి ఉండవలసిన చోట వెలుగు ఉంది.

నవ్వకండి. మనమందరం దీపం ముందు కూర్చుని చీకటి పోవాలని దండం పెట్టుకునేవాళ్ళమే. ఈ పిల్ల మాత్రం ఆవగింజలో వెయ్యో వంతు కూడా లేని ఒక్క చుక్క చీకటి కోసం మూడేళ్ళుగా తపస్సు చేస్తోంది. అది రావడం లేదు. అడగని వెలుగు వచ్చి కూర్చుంటోంది.

కోరాడ ఊర్మిళది పార్వతీపురం పక్క ఊరు. సముద్రం కనిపించే ఒక కొండ మీద విశ్వవిద్యాలయం, అందులో మూడో అంతస్తులో లేజర్ గది, ఆ గదిలో ఆమె పరిశోధన. గురువు ఆచార్య మస్తాన్ వలీ గారు. ఆయన క్లాసులో బోర్డు సగం ఖాళీగానే ఉండేది. ప్రశ్న అడిగితే చాలాసార్లు టీ గ్లాసు తిప్పుతూ కూర్చునేవారు. ఆ గ్లాసు ఆగేలోపు అడిగినవాడికే జవాబు తట్టేదని పాత విద్యార్థులు చెప్పుకునేవారు. తట్టనివాళ్ళు ఇంకో టీ తెచ్చేవారు.

ఇంతకీ ఆ చీకటి ఏమిటంటారా? చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి.

నాగావళికి వరద వచ్చినప్పుడు సుడి చూశారు కదా. నీళ్ళు గిరగిరా తిరుగుతాయి, నడుమ గుంట పడుతుంది. ఆ గుంటలో నీళ్ళుండవు. భగవంతుడు నీటికిచ్చిన ఆ గుణాన్ని వెలుగుకీ ఇచ్చాడు. వెలుగునీ సుడి తిప్పవచ్చు. తిరిగే వెలుగు నడుమ గుంట పడుతుంది, ఆ గుంటలో వెలుగుండదు. నాలుగు వైపుల నుంచీ వచ్చిన అలలు సరిగ్గా అక్కడికి చేరేసరికి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. నడుమ చీకటి పడిందంటే సుడి పుట్టినట్టే.

తిప్పడానికి ఊర్మిళ పట్టుకున్న దారి బంగారం. గాజుపలక మీద పల్చని బంగారు పూత, వాళ్ళ మాటల్లో రేకు. ఆ పూతలో ఒక గాడి, పిండివంటల్లో జంతిక చుట్టు ఎలా ఉంటుందో అలా. గాడి వెడల్పు మన తలవెంట్రుకలో మూడు వందల్లో ఒక వంతు. కింద నుంచి లేజర్ వేస్తే, వెలుగు ఆ గాడిలోంచి పైకి వచ్చి బంగారం ఒంటి మీద సన్నని అలలై పాకుతుంది. అలలన్నీ నడుముకి పరుగెత్తుతాయి. పైన ఒక సూది, దాని మొన కంటికి ఆనదు, ఆ అలల మీదుగా వరస వరసకీ నడిచి తెర మీద బొమ్మ కడుతుంది.

ఒక్క మెలిక ఉంది ఇందులో. గాడికి ఒక చుట్టు ఉన్నట్టే, పంపే వెలుగుకీ తనదంటూ ఒక చుట్టు పెట్టవచ్చు. రెండూ ఒకే వైపు తిరిగితే ఒకటీ ఒకటీ కలిసి రెండు, సుడి పెద్దది, నడుమ చీకటి. రెండూ ఎదురెదురు తిరిగితే ఒకట్లోంచి ఒకటి పోయి సున్న, సుడి లేదు, నడుమ ఒక వెలుగు చుక్క మిగులుతుంది.

ఊర్మిళ రెండూ కుడి చుట్టే పెట్టింది. గాడి కుడి చుట్టు అని పుస్తకంలో ఎర్రసిరాతో రాసుకుంది. వెలుగు కుడి చుట్టు అని దాని కిందే రాసుకుంది. వెలుగుకి చుట్టు పెట్టే స్ఫటికపు పలకని ఒక ఉంగరంలో బిగించి, ఎవరి చెయ్యీ తగిలి కదలకుండా గోళ్ళరంగు చుక్కతో అతికించేసింది కూడా.

అయినా మొదటి రేకులో నడుమ వెలుగు. రెండో రేకులో వెలుగు. మూడో రేకులోనూ అదే చుక్క, వేళాకోళం చేస్తున్నట్టు, నడిమధ్యన.

"అక్కా, దీపావళి ముందే వచ్చేసింది నీకు" అన్నాడు పైడిరాజు. అదే గదిలో పరిశోధన చేస్తున్నాడు, ఊర్మిళకన్నా రెండేళ్ళు చిన్న, నోటికి మాత్రం అతనికన్నా పెద్ద ఎవరూ లేరు.

"నా లెక్క తప్పలేదు" అంది ఊర్మిళ.

"నీ లెక్క తప్పిందని నేనన్నానేటి?"

"లెక్క తప్పకపోతే చెక్కడం తప్పింది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకి హాయిగా అనిపించింది. మనకి తెలియనిదేముంది, తప్పుకి ఇంకొకరి పేరు దొరికితే మనసు ఎంత తేలికపడుతుందో.

ఆ ఇంకొకరి పేరు దేవసహాయం.

కింద అడుగు అంతస్తులో, గచ్చు అదరకుండా రబ్బరు పలకల మీద నిలబెట్టిన ఒక యంత్రం ఉంది. బంగారం మీద గాడి చెక్కేది అదే. ఉలి బదులు సన్నని అయాన్ల కిరణంతో చెక్కుతుంది. ఇరవయ్యారేళ్ళుగా దాని ఆపరేటర్ దేవసహాయం. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, చేతులు మాత్రం నేటికీ వణకవు. రేకుని లోపల పెట్టి తలుపు మూశాక, యంత్రం ఒంటి మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుంటాడు. ఏ పేరుతో పిలిచినా పలికేవాడు ఒక్కడే కదా, అక్కడ ఎవరూ దాన్ని పట్టించుకోలేదు ఇన్నాళ్ళూ.

ఊర్మిళ పట్టించుకుంది. కిరణం ఒకే చోట కాసేపు నిలిచిందంటే అక్కడ బంగారానికి చిల్లు పడుతుంది. నడుమ చిల్లు పడితే నడుమ వెలుగు కారుతుంది. ఈయన కళ్ళు మూసుకున్న ఆ నిమిషం కిరణం ఎక్కడ నిలిచి ఉంటుంది? అదీ ఆమె ఆలోచన. చిల్లు ఉందో లేదో చూద్దామంటే, అంత సూక్ష్మం చూపించే పరికరం మరమ్మతుకి వెళ్ళి రెండు నెలలైంది. చెక్కే యంత్రంతోనే చూద్దామంటే, దాని కిరణం తగిలిన మేరా బంగారం అరిగిపోతుంది.

బుధవారం మధ్యాహ్నం మెట్లు దిగి వెళ్ళింది.

"దేవసహాయం గారూ, కిరణాన్ని నడుమ నిలిపారా?"

"లేదమ్మా. ఎప్పుడూ పక్కనున్న ఖాళీ చోటే నిలుపుతాను."

"మరి మూడు రేకుల్లోనూ నడుమ చిల్లెలా పడింది?"

"చిల్లు పడిందని మీరు చూశారా తల్లీ?"

చూడలేదు. కానీ ఆ మాట ఒప్పుకోవడానికి అప్పటికే ఆలస్యమైపోయింది, గొంతు పెరిగిపోయింది.

"మీరు కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడుతున్నప్పుడు మీ కిరణం ఎక్కడుంటుందండీ? అది కూడా కళ్ళు మూసుకుంటుందా?"

వెనక యంత్రం పంపు తిరుగుతోంది. దేవసహాయం చెయ్యి యంత్రం మీద నుంచి మెల్లగా కిందికి జారింది.

"అప్పటికి కిరణం ఇంకా పుట్టదమ్మా" అన్నాడు.

విన్నది. నమ్మలేదు. పైకి వచ్చి ఉత్తరం రాసింది. పనిలో నిర్లక్ష్యం వల్ల మూడు రేకులు పాడయ్యాయనీ, యంత్రాన్ని ఇంకొకరికి అప్పగించవలసిందనీ. శాఖాధిపతి కామేశ్వరి గారు ఆ ఉత్తరం చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు.

"ఇరవయ్యారేళ్ళ సర్వీసు, ఊర్మిళా."

"మూడేళ్ళ థీసిస్, మేడమ్."

"రేపు నాలుగింటికి కమిటీ ఉంది. మీ గైడు సంతకం పెడితే అందులో పెడతాను. పెడితే మాత్రం సాయంత్రమే ఆయన దగ్గర తాళాలు తీసుకోవలసి వస్తుంది. ఆలోచించుకో."

ఊర్మిళ ఆలోచించుకోలేదు. కోపం ఉన్నచోట ఆలోచనకి కుర్చీ దొరకదు.

గురువారం రెండున్నర. లేజర్ గదిలో మస్తాన్ వలీ గారు స్టూలు మీద కూర్చుని ఉత్తరం చదివారు. మడిచారు. మళ్ళీ విప్పి ఇంకోసారి చదివారు. టీ గ్లాసు వైపు చెయ్యి వెళ్ళింది కానీ దాన్ని తిప్పలేదు.

"నీ గాడి ఏ చుట్టు తల్లీ?"

"కుడి చుట్టు సార్."

"వెలుగు?"

"అదీ కుడి చుట్టే సార్. రెండూ ఒకటే. అందుకే అంటున్నాను, లోపం నా దగ్గర లేదు."

"ఎవరు చూశారు?"

"నేనే చూశాను. ఈ రెండు కళ్ళతో."

ఆయన తలూపారు. "మార్కర్ ఉందా?"

"సంతకానికి పెన్నుంది సార్."

"మార్కర్ ఇవ్వమ్మా."

బోర్డు దగ్గరి నల్ల మార్కర్ ఇచ్చింది. ఆయన ఉత్తరాన్ని బల్ల మీదే వదిలేసి, గది దాటి వరండాలోకి వెళ్ళి, వెనక గాజుతలుపు మూశారు. తలుపంతా ఒకే గాజు. దానికి అటు ఆయన, ఇటు ఊర్మిళ. ముఖానికి ఎదురుగా ముఖం.

గాజు మీద ఒక చుక్క పెట్టారు. ఆ చుక్క నుంచి బయటికి మెల్లగా చుట్టు తిప్పుతూ జంతికలా ఒక గీత గీశారు. గీసి, తలుపు సందులోంచి వినబడేట్టు అడిగారు.

"ఏ చుట్టు?"

ఊర్మిళకి విసుగొచ్చింది. గడియారం చూసుకుంది. "ఎడమ చుట్టు సార్!"

"కుడి చుట్టు."

"కాదు సార్. ఎడమే."

"కుడే తల్లీ."

పాపం పెద్దాయన, అనుకుంది. కళ్ళు మసకబారుతున్నట్టున్నాయి. పక్కకి తిరిగి సాక్ష్యానికి పిలిచింది. "పైడిరాజూ, ఇటొచ్చి చూడు. ఇది ఏ చుట్టు?"

పైడిరాజు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, పెద్ద న్యాయమూర్తిలాగా చూశాడు. "ఎడమే. ఇందులో సందేహమేటి?"

మస్తాన్ వలీ గారు బయటి నుంచి వేలితో రమ్మన్నారు. పైడిరాజు తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. ఆయన పక్కన నిలబడ్డాడు. గీత వైపు చూశాడు. తల ఒక పక్కకి వంచి మళ్ళీ చూశాడు.

"కుడి" అన్నాడు.

"ఇప్పుడేగా ఎడమ అన్నావు!" ఊర్మిళ అరిచింది.

"అన్నానక్కా. ఇటొచ్చాక కుడి అయిపోయింది. నేనేటి చెయ్యను?"

"అబద్ధాలాడకు!"

"అబద్ధమా! కావాలంటే నువ్వే ఇటు రా. కుడి కాకపోతే నీ థీసిస్ అంతా నేనే టైపు చేసి పెడతా."

ఊర్మిళ ఒక అడుగు వేసింది. రెండో అడుగు పడలేదు.

ఆమె చూపు గాజు తలుపు మీద నుంచి జారి, గది నడుమ ఉన్న తన పరికరం మీద వాలింది. కింద లేజర్. పైన సూది. రెంటి నడుమ బంగారు రేకు. గాడి బొమ్మ గీసిన రోజు గుర్తొచ్చింది, రేకుని పైనుంచి చూస్తూ గీసింది. వెలుగు చుట్టు లెక్కగట్టిన రోజు గుర్తొచ్చింది, ఆ రోజు కింద, లేజర్ పక్కన గచ్చు మీద కూర్చుని, వెళ్ళిపోయే వెలుగుని వెనక నుంచి చూస్తూ లెక్కగట్టింది.

పైనుంచి ఒక కుడి. కింద నుంచి ఒక కుడి.

ఒకట్లోంచి ఒకటి పోతే సున్న. మూడు రేకులూ ఆమె చెప్పిన మాటే అక్షరాలా విన్నాయి. ఆమే రెండు మాటలు చెప్పింది.

మస్తాన్ వలీ గారు లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. చల్లారిన టీ తాగారు.

"సార్" అంది ఊర్మిళ. "నేను రెండు చోట్ల నిలబడి చూశాను."

ఆయన గ్లాసు కింద పెట్టి లేజర్ వైపు చూశారు. అంతే.

ఊర్మిళ గచ్చు మీద మోకరించింది. ఉంగరం మీది గోళ్ళరంగుని గోటితో గీకింది. అది రాదు. ఎంత గట్టిగా అతికించుకుందో అప్పుడు తెలిసింది. పైడిరాజు బ్లేడు అందించాడు. ఎర్రటి పొడి రాలింది. ఉంగరం వదులైంది. పావు చుట్టు తిప్పింది. వెలుగు తన చుట్టు మార్చుకుంది.

మూడో రేకు సూది కింద ఇంకా అలాగే ఉంది, ఏ రేకైతే పాడైందని ఉత్తరంలో రాసిందో ఆ రేకే. గదిలో దీపాలు ఆర్పారు. సూది దిగింది. నడక మొదలుపెట్టింది.

గడియారం మూడు దాటింది. బొమ్మ పూర్తి కావడానికి నలభై నిమిషాలు. నాలుగింటికి కమిటీ. బల్ల మీద సంతకం లేని ఉత్తరం.

మగ్గం మీద పోగు పోగుకీ బట్ట దిగినట్టు తెర మీద గీత కింద గీత దిగింది. మొదటి పదిహేను నిమిషాలూ నల్లటి నీలం తప్ప ఏమీ లేదు. తర్వాత సన్నటి పసుపు రేఖ ఒకటి, వంకీలా, మేఘం అంచున ఎండలా. ఆ రేఖ రెండు పక్కలకీ వంగింది. మందమైంది.

"అక్కా, ఊపిరి తీసుకో" అన్నాడు పైడిరాజు గుసగుసగా. "నువ్వు పడిపోతే సూది అదురుద్ది."

"మాట్లాడకు."

"నేను మాట్లాడకపోతే నేను పడిపోతాను."

సూది నడుముకి చేరుతోంది. ఇదివరకు మూడు సార్లూ ఇక్కడే ఆ చుక్క వెలిగింది. ఊర్మిళ రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుంది. ఏ దేవుడికి మొక్కిందో ఆమెకే తెలియదు. ఎవరో ఒకరు వింటారని మొక్కింది.

గీత వచ్చింది. ఎడమ నుంచి పైకి లేచింది వెలుగు, లేచి, నిండి, నడుముకి వస్తూ ఒక్కసారి కిందికి దూకింది. అడుగుకి వెళ్ళిపోయింది. ఏమీ లేదు అక్కడ. శూన్యం. మళ్ళీ కుడి పక్కన లేచింది.

ఇంకో గీత. గుంట వెడల్పైంది. ఇంకోటి. ఇంకోటి. పసుపు వలయం చేతులు రెండూ కిందికి దిగుతూ, కింద ఒకదాన్నొకటి అందుకున్నాయి. నడుమ, గుండ్రంగా, అంచు చెదరకుండా, కాటుకలాంటి చీకటి.

"పడింది!" పైడిరాజు అరుపుకి వరండాలో పావురాలు లేచాయి. "గుంట పడిందక్కోయ్! సుడి! సుడి తిరిగింది!" లాబ్ కోటు విప్పి తల చుట్టూ తిప్పాడు. బల్ల చుట్టూ రెండు చుట్లు పరుగెత్తాడు. ఏ చుట్టో ఎవరూ అడగలేదు.

మస్తాన్ వలీ గారు లేచి నిలబడ్డారు. తెర వెలుగు ఆయన గడ్డం మీద పడి మెరిసింది. "సుభానల్లా" అన్నారు, పెదవులు మాత్రమే కదిలాయి.

మూడేళ్ళు ఎదురుచూసిన చీకటి అది. కళ్ళ నిండా చూసుకోవలసింది. ఊర్మిళ చూడలేదు. బల్ల మీది ఉత్తరం తీసుకుని మెట్ల వైపు పరుగెత్తింది.

మూడూ యాభై.

కింద గదిలో దేవసహాయం యంత్రాన్ని శుభ్రంగా తుడిచి పెట్టాడు. తాళాల గుత్తి బల్ల మీద ఉంది. దాని పక్కన కూర్చుని ఒక కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఏదో రాస్తున్నాడు. ఆయాసంతో ఆమె ఆ కాగితం వైపు చూసింది.

"వాన రోజుల్లో పంపు ఆలస్యంగా పట్టుకుంటుంది, తొందరపెట్టవద్దు. ఎడమ పిడి కాస్త బిగువు, గట్టిగా లాగితే విరుగుతుంది. పొద్దున్న మొదటి రేకు ఎప్పుడూ సరిగా రాదు, పాత రేకు ఒకటి ముందు వేయవలెను..."

"ఇదేమిటండీ?"

"నా తర్వాత వచ్చేవారికమ్మా, కమిటీ మాట చెవిన పడింది. దీని స్వభావం తెలియకపోతే ఇబ్బంది పడతారు."

ఊర్మిళ వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోయింది. ఆయన గాభరాగా కుర్చీ వెనక్కి జరిపాడు.

"వద్దు తల్లీ, వద్దు! ఏమైంది?"

"తప్పు నాది. మీ రేకులో చిల్లు లేదు. మూడింట్లోనూ లేదు. నేనే ఎటు నిలబడి చూస్తున్నానో చూసుకోలేదు. నిన్న మిమ్మల్ని అన్న మాట..." ఉత్తరం ఆయన ముందు పెట్టింది. "ఇది నేను రాసిందే. మీ చేతులతో చింపెయ్యండి."

దేవసహాయం ఉత్తరం తీసుకున్నాడు. చదవలేదు. తిరగేసి వెనక పక్క చూశాడు.

"ఇటు తెల్లగానే ఉందమ్మా. చింపడమెందుకు? రేపు కొత్త గాడి బొమ్మ దీని మీద గీసివ్వండి, చెక్కుతాను."

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి ఆ పిల్లకి. కొంగుతో ముఖం తుడుచుకుంది. "పదండి, పైకి. మీరు చెక్కింది చూద్దురుగాని."

"నేనా?"

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదా?"

"చెక్కి పంపేస్తానమ్మా. పైన ఏమవుతుందో ఎవరు చూపిస్తారు?" అన్నాడు. ఫిర్యాదు కాదది. మామూలుగా అన్నాడు.

మూడంతస్తులు. లిఫ్టు పనిచేయడం లేదు. ప్రతి మలుపులోనూ ఆయన మోకాళ్ళు పట్టుకుని ఆగాడు, ప్రతి మలుపులోనూ ఆమె పక్కన ఆగింది. నాలుగు కొట్టింది. కమిటీ గది మొదటి అంతస్తులోనే ఉంది, దాని ముందు నుంచే వెళ్ళారు. ఊర్మిళ ఆ తలుపు వైపు తిరగనైనా లేదు.

పైన మస్తాన్ వలీ గారు తెర ముందరి కుర్చీని దేవసహాయం వైపు జరిపి ఉంచారు. అది ఊర్మిళ కుర్చీ. ఆయన మొహమాటపడుతూ అంచు మీద కూర్చున్నాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి, చొక్కాతో తుడిచి, పెట్టుకున్నాడు. తెర వైపు వంగాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. కామేశ్వరి గారు, ఆమె వెనక కమిటీవాళ్ళు ఇద్దరు.

"ఊర్మిళా! నాలుగుంపావు. ముగ్గురం అక్కడ కూర్చుని మీ కోసం..."

ఆమె అటు చూశారు. తెర మీద బంగారు వలయం. భౌతికశాస్త్రంలో జుట్టు నెరిసిన మనిషి, ఎవరూ వివరించనక్కర్లేదు. మెల్లగా నడిచి వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. వెనకనున్న ఇద్దరూ ఆమె భుజాల మీదుగా తొంగిచూశారు. "రెండు చుట్ల సుడి" అన్నాడు ఒకాయన. "ఎంత శుభ్రంగా ఉందండీ గాడి అంచు!"

"మరి ఫిర్యాదు?" అన్నారు కామేశ్వరి గారు.

"నాదే మేడమ్" అంది ఊర్మిళ. "తప్పూ నాదే. ఈ రేకు మూడోది, పాడైందని రాశానే, అదే. మొదటి రెండూ కూడా ఇంతే బాగుంటాయి. మీ కమిటీ పుస్తకంలో అలాగే రాయండి. నా పేరుతో రాయండి."

పైడిరాజు చప్పట్లు మొదలుపెట్టాడు. కమిటీలో పెద్దాయన అందుకున్నాడు. కామేశ్వరి గారు కూడా కొట్టారు. ఆ చిన్న గది, చీకటి గది, చప్పట్లతో మోగిపోయింది. చప్పట్లు తన కోసమని దేవసహాయానికి తెలియలేదు. ఆయన ఇంకా తెర వైపే వంగి చూస్తున్నాడు. తలెత్తాడు. ముఖం నిండా దిగులు.

"అంతా బాగుంది తల్లీ. కానీ నడిమధ్యన నల్లగా ఉండిపోయిందే. అక్కడ నా చెయ్యేమైనా తప్పిందా?"

చప్పట్లు ఆగాయి. ఊర్మిళ ముందుకి వచ్చింది, నోరు తెరిచింది. అలలూ చుట్లూ కూడికలూ, మూడేళ్ళ లెక్క మొత్తం నాలుక చివర ఉంది. అయినా గురువు వైపు చూసింది.

మస్తాన్ వలీ గారు వచ్చి దేవసహాయం భుజం మీద చెయ్యి వేశారు.

"మీ చెయ్యి తప్పలేదు. అక్కడ ఎవరూ నిలబడలేదండీ" అన్నారు. "అందుకే చుట్టూ ఇంత వెలుగు."